'ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా' వీడియో గేమ్: ఆటగాళ్ళ అభిప్రాయాలు – చారిత్రక పరిశీలన

సారాంశం:

క్రీ.శ. 1274లో మంగోల్ సేనలు జపాన్‌కు చెందిన త్సుషిమా దీవిపై దాడి చేశాయి. ఆ దాడిని కథావస్తువుగా తీసుకొని 2020లో వెలువడిన వీడియో గేమ్ 'ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా'. ఆనాటి జపాన్‌ను కళ్ళకు కట్టిందన్నది ఈ ఆటకు ఆటగాళ్ళ నుండి తరచుగా లభించిన మెప్పు. ఆ మెప్పు ఏ ఆధారంపై నిలిచింది? పదమూడవ శతాబ్దపు ఆకరాలు దానిని ఎంతవరకు సమర్థిస్తాయి? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆటగాళ్ళు 'నిజం'గా గుర్తించినది 1274 నాటి త్సుషిమాను కాదని, తరువాతి శతాబ్దాల గ్రంథాలు, చలనచిత్రాలు తీర్చిదిద్దిన సమురాయ్ రూపాన్నని ప్రతిపాదిస్తుంది. ఆ రూపం వెనుక మరుగున పడిన దీవి ప్రజలను గుర్తు చేస్తుంది.

కీలకపదాలు: త్సుషిమా, మంగోల్ దాడి, సమురాయ్, వీడియో గేమ్, ఆటగాళ్ళ అభిప్రాయాలు, ప్రామాణికత, కొర్యో.

1. ప్రవేశిక:

చరిత్ర సామాన్యులకు చేరే మార్గాలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. పురాణకథనం, వీధినాటకం, చారిత్రక నవల, చలనచిత్రం ఒకదాని తరువాత ఒకటి ఆ పనిని నిర్వహించాయి. గత రెండు దశాబ్దాలలో వీడియో గేమ్ వాటి సరసన చేరింది. చలనచిత్రంలో ప్రేక్షకుడు గతాన్ని చూస్తాడు. ఆటలో ఆటగాడు గతంలో నడుస్తాడు, పోరాడతాడు, నిర్ణయం తీసుకుంటాడు. పదుల గంటలపాటు ఒక కాలంలో మసలిన వ్యక్తికి ఆ కాలం తనకు తెలుసునన్న నమ్మకం కలగడం సహజం. అందువల్ల చారిత్రక గేమ్‌లపై ఆటగాళ్ళు వెలిబుచ్చే అభిప్రాయాలు వినోదానికి సంబంధించిన ఇష్టాయిష్టాలుగా మాత్రమే మిగలవు. ఒక సమాజం గతాన్ని ఎలా ఊహించుకుంటున్నదో తెలిపే ఆధారాలుగా కూడా వాటిని పరిశీలించవచ్చు.

2. ఆట స్వరూపం – ఆటగాళ్ళ స్పందన:

అమెరికాకు చెందిన సకర్ పంచ్ ప్రొడక్షన్స్ ఈ ఆటను రూపొందించింది. 2020 జులై 17న ప్లేస్టేషన్ 4పై విడుదలైంది. పక్కనున్న ఇకి దీవి కథను చేర్చిన విస్తృత రూపం 2021 ఆగస్టులోను, కంప్యూటర్ రూపం 2024 మే నెలలోను వచ్చాయి. ఇది 'ఓపెన్ వరల్డ్' తరహా ఆట. అంటే కథ గీసిన ఒకే దారిన పోనవసరం లేకుండా ఆటగాడు దీవి అంతటా తన ఇష్టానుసారం తిరగవచ్చు. కథానాయకుడు జిన్ సకాయ్ కల్పిత పాత్ర. కొమొదా తీరంలో మంగోలులను ఎదిరించిన 80 మంది సమురాయ్‌లలో ప్రాణాలతో మిగిలినవాడు. తండ్రివలె తనను పెంచిన మేనమామ షిమురా ప్రభువు నేర్పిన యుద్ధనీతిని విడిచి, పొంచి ఉండి చంపడం, విషప్రయోగం వంటి పద్ధతులతో శత్రువును ఓడిస్తాడు.

ఆటగాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నవి దృశ్యాలు, కత్తియుద్ధం, దారి చూపే గాలి. తెర మూలన చిన్న పటం ఉంచడానికి బదులుగా గాలి వీచే దిక్కును బట్టి గమ్యాన్ని తెలిపే ఏర్పాటు చాలామందిని ఆకట్టుకుంది. తరచుగా వినిపించిన లోపాలు కూడా ఉన్నాయి. ఒకే రకమైన చిన్న పనులు పదేపదే చేయవలసి రావడం, పోరాట సమయంలో శత్రువుపై దృష్టి నిలిపే వీలు మొదట్లో లేకపోవడం, జపనీస్ సంభాషణలకు పెదవుల కదలిక కుదరకపోవడం వాటిలో ముఖ్యమైనవి. చివరి రెండు లోపాలను నిర్మాతలు 2021లో సవరించారు. అయితే జపనీస్ పెదవుల కదలిక ప్లేస్టేషన్ 5 రూపానికే పరిమితమైంది. ప్రజల ఓటుతో నిర్ణయించే 'ప్లేయర్స్ వాయిస్' పురస్కారం 2020 గేమ్ అవార్డ్స్‌లో ఈ ఆటకే దక్కింది. జపాన్‌లోని ప్రసిద్ధ పత్రిక ఫమిత్సు 40కి 40 మార్కులు ఇచ్చింది. పాశ్చాత్య దేశాలలో తయారైన ఆటకు ఆ గౌరవం అరుదు.

ఈ మెప్పులో ఒక మాట ప్రత్యేకంగా గమనించదగినది. 'జపాన్‌ను గౌరవంగా, నిజంగా చూపించారు' అన్నదే ఆ మాట. నిర్మాతలు తమ ఆట చరిత్ర నుండి స్ఫూర్తి పొందినదే తప్ప యథాతథ చిత్రణ కాదని స్పష్టంగానే చెప్పారు. అయినా 'నిజం' అన్న ప్రశంస ఆటగాళ్ళ నుండి వచ్చింది. ఆ నిజం ఏ కాలానిదో తేల్చడానికి ఆకరాలను ఆశ్రయించాలి.

3. ఆకరాలు చెప్పే 1274:

త్సుషిమా కొరియా ద్వీపకల్పానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. జపాన్ వైపున ఉన్న హకతా రేవు అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ దూరం. మంగోల్ చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ తనకు లోబడమని పంపిన లేఖలకు కామకురా ప్రభుత్వం బదులివ్వలేదు. ఫలితంగా 1274లో సుమారు 900 నౌకలు కొరియా దక్షిణ తీరం నుండి బయలుదేరాయి. నవంబరు తొలివారంలో త్సుషిమాను, తరువాత ఇకి దీవిని ఆక్రమించాయి. అదే నెలలో హకతా తీరాన దిగిన సేనలు ఒక్క దినపు పోరాటం తరువాత వెనుదిరిగాయి.

అప్పుడు త్సుషిమా 'జితో' అధికారం షోని వంశానిది. వారి ప్రతినిధిగా దీవిని చూసుకుంటున్న సో సుకెకుని దాదాపు 80 మంది ఆశ్వికులతో కొమొదా తీరానికి వెళ్ళి, పోరాడి మరణించాడని 'హచిమన్ గుదోకున్' చెబుతుంది. ఆటలోని 80 మంది సంఖ్యకు మూలం ఈ సంప్రదాయమే. అయితే ఇది పద్నాలుగవ శతాబ్దపు రచన. హచిమన్ దేవుని మహిమను చాటడం దాని లక్ష్యం. జపాన్ యోధులు పేరు చెప్పుకొని ఒక్కొక్కరుగా పోరాడాలనుకుంటే మంగోలులు గుంపుగా మీదపడ్డారన్న ప్రసిద్ధ కథనం ఇందులోనిదే. మానవ బలం ఎంత తక్కువగా కనిపిస్తే దైవమహిమ అంత గొప్పగా తోస్తుంది కనుక ఈ కథనాన్ని జాగ్రత్తగా స్వీకరించాలి. ఆట ఆరంభంలో సవాలు చేయబోయిన యోధుణ్ణి మంగోల్ నాయకుడు నిప్పంటించి చంపే ఘట్టం ఈ కథనానికి చేసిన పెంపు. ఆటగాళ్ళ మనస్సులో చెరగని ముద్ర వేసిన ఘట్టాలలో ఇది ఒకటి.

ఆటకు, చరిత్రకు ముగింపులోనే అతిపెద్ద భేదం ఉంది. ఆటలో జిన్ మంగోల్ నాయకుడు ఖోతున్ ఖాన్‌ను సంహరించి దీవిని కాపాడతాడు. ఖోతున్ ఖాన్ కూడా కల్పిత పాత్రే. చరిత్రలో త్సుషిమాను ఎవరూ కాపాడలేదు.

4. 'గౌరవం'పై చర్చ:

ఆటగాళ్ళ మధ్య అత్యంత తీవ్రంగా సాగిన చర్చ గౌరవానికి సంబంధించినది. షిమురా నీతి సరైనదా, జిన్ మార్గం సరైనదా? చివరి ఘట్టంలో షిమురా కోరినట్లు అతనిని చంపి గౌరవప్రదమైన మరణం ఇవ్వాలా, ప్రాణాలతో విడిచిపెట్టాలా? ఈ నిర్ణయాన్ని ఆట ఆటగాడికే వదిలింది. చంపడమే మేనమామ పట్ల నిజమైన ప్రేమ అని కొందరు వాదించారు. విడిచిపెట్టడమే జిన్ మారిన స్వభావానికి తగినదని మరికొందరు అభిప్రాయపడ్డారు. రెండు పక్షాలవారూ ఒక విషయాన్ని ప్రశ్న లేకుండా అంగీకరించారు. పదమూడవ శతాబ్దపు సమురాయ్ ఎదురెదురుగా నిలబడి మాత్రమే పోరాడాలన్న ధర్మానికి కట్టుబడి ఉండేవాడన్నదే ఆ విషయం.

చారిత్రక పరిశోధన ఈ భావనను బలపరచడం లేదు. తొలి మధ్యయుగపు జపాన్ యుద్ధరీతులను పరిశీలించిన కార్ల్ ఫ్రైడే, మాటువేయడం, రాత్రివేళ దాడి చేయడం, శత్రువును మోసగించడం ఆనాటి యోధులకు సాధారణ పద్ధతులేనని 2004లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించాడు. ఆ ప్రకారం జిన్ చేసిన పనులలో అనేకం షిమురా తరం యోధులను దిగ్భ్రాంతికి గురిచేసేవి కావు.

ఇందుకు సమకాలీన సాక్ష్యం తకెజాకి సుఎనాగ చిత్రలేఖన చుట్టలు. సుఎనాగ హిగో ప్రాంతానికి చెందిన చిన్న స్థాయి యోధుడు. 1274లో హకతా వద్ద కొద్దిమంది అనుచరులతో పోరాడి గాయపడ్డాడు. తన సాహసానికి గుర్తింపు రాకపోవడంతో 1275లో గుర్రాలను, జీనులను అమ్మి దారిఖర్చులు సమకూర్చుకొని కామకురా వెళ్ళాడు. ఉన్నతాధికారి అదచి యసుమొరి ఎదుట తన వాదన వినిపించి భూమిపై అధికారాన్ని బహుమతిగా పొందాడు. తాను చేసిన పోరాటాలను ఆ తరువాత చిత్రాలుగా వేయించాడు. 2021లో జపాన్ ప్రభుత్వం ఈ చుట్టలను జాతీయ నిధిగా ప్రకటించింది. వీటిలో కనిపించే యోధుడికి పరువు పట్టింపు లేదని కాదు. అందరికన్నా ముందు శత్రువును తాకాలన్న పట్టుదల, దానికి సాక్షి ఉండాలన్న ఆరాటం, దానికి ప్రతిఫలంగా భూమి రావాలన్న కోరిక అతని గౌరవంలో భాగాలు. ఈ చుట్టలను అనువదించిన థామస్ కాన్లన్, జపాన్ యోధులు తుపాను వల్ల మాత్రమే బయటపడినవారు కారని, మంగోలులకు దీటుగా పోరాడారని 2001లో వాదించాడు.

మరి ఆటగాళ్ళు చర్చించిన గౌరవం ఎక్కడిది? దేశంలో యుద్ధాలు సద్దుమణిగిన ఎదో కాలంలో, పోరాడే పని లేని యోధవర్గానికి ఆదర్శాలను బోధించిన రచనల నుండి అది మొదలైంది. 1900లో నితొబె ఇనాజో ఆంగ్లంలో, విదేశీ పాఠకుల కోసం రాసిన 'బుషిదో' గ్రంథం దానిని ప్రపంచానికి పరిచయం చేసింది. ఇరవయ్యవ శతాబ్దపు చలనచిత్రాలు దానికి రూపాన్ని, చలనాన్ని ఇచ్చాయి. ఆటను నలుపు తెలుపులలో చూపే ఏర్పాటుకు దర్శకుడు అకిరా కురోసావా పేరే పెట్టడం ఈ వారసత్వాన్ని నిర్మాతలు దాచుకోలేదని తెలుపుతుంది.

5. ఖడ్గం, కవిత, పొలం:

ఆటలోని వస్తుసామగ్రిలోనూ ఇదే ధోరణి ఉంది. జిన్ ధరించే కతానా తరహా ఖడ్గం 1274 తరువాత చాలాకాలానికి వ్యాప్తిలోకి వచ్చింది. ఆనాటి యోధులు నడుము నుండి వేలాడదీసుకున్నది మరింత వంపు తిరిగిన తాచి. అంతకన్నా ముఖ్యంగా, కామకురా కాలపు సమురాయ్ ప్రధానంగా గుర్రంపై నుండి బాణాలు వేసే విలుకాడు. ఆ వృత్తిని 'విల్లు, గుర్రం మార్గం' అని పిలిచేవారు. సుఎనాగ చుట్టలలోనూ విల్లే ప్రముఖంగా కనిపిస్తుంది. ఆటలోని ఆకర్షణ అంతా కత్తి చుట్టూ అల్లుకుంది.

ప్రకృతి మధ్య కూర్చొని జిన్ హైకూలు అల్లే ఘట్టాలను ఆటగాళ్ళు ఎంతో ఇష్టపడ్డారు. తెలుగు పాఠకులకు సుపరిచితమైన ఈ ప్రక్రియ పదిహేడవ శతాబ్దంలో బషో చేతిలో పరిణతి పొందింది. 'హైకూ' అన్న పేరు స్థిరపడింది పంతొమ్మిదవ శతాబ్దం చివర మసఒక షికి కాలంలో. 1274 నాటి యోధుడు కవిత చెప్పదలిస్తే వాకా చెప్పేవాడు.

అందరూ మెచ్చిన దృశ్యాలదీ ఇదే స్థితి. ఆటలో బంగారు రంగు చెట్లు, విశాలమైన గడ్డి మైదానాలు, వరిపొలాలు పరచుకొని ఉంటాయి. అసలు త్సుషిమాలో అత్యధిక భాగం అడవులు కమ్మిన నిటారు కొండలే. ఈ దీవిలో మంచి పొలాలు లేవని, ప్రజలు సముద్రం ఇచ్చే తిండితో బతుకుతూ, పడవలపై ఉత్తర దక్షిణ దిక్కులకు వెళ్ళి ధాన్యం కొనుక్కుంటారని మూడవ శతాబ్దపు చైనా చరిత్ర గ్రంథం నమోదు చేసింది. పంటలేని దీవికి సముద్రమే పొలం. ఆ సముద్రానికి రెండు ఒడ్డులూ అవసరమే.

6. ఆటలో కనిపించనివారు:

రెండవ ఒడ్డు కొరియా. దానిని అప్పుడు కొర్యో రాజ్యం అనేవారు. దశాబ్దాలపాటు మంగోల్ దాడులను ఎదుర్కొని లొంగిపోయిన కొర్యోపైనే జపాన్ దండయాత్రకు నౌకలు నిర్మించే భారం పడింది. 1274 ఆరంభంలో ముప్పై వేలకు పైగా పనివారిని ఇందుకు తరలించినట్లు 'కొర్యోసా' చెబుతుంది. సేనలో కొర్యో సైనికులు, నావికులు వేలసంఖ్యలో ఉన్నారు. వారి సేనాని కిమ్ బాంగ్‌గ్యోంగ్. ఆటలో దండెత్తి వచ్చే శత్రువులంటే మంగోలులే. తమ ఇష్టంతో నిమిత్తం లేకుండా ఈ యుద్ధానికి వచ్చిన కొర్యో పడవవాడికి అందులో చోటు దొరకలేదు.

దీవి ప్రజల సంగతి మరింత విచారకరం. మగవారిని చంపారని, బందీలు చేశారని, స్త్రీల చేతులకు రంధ్రాలు చేసి ఓడలకు కట్టారని బౌద్ధాచార్యుడు నిచిరెన్ 1275 నాటి లేఖలో రాశాడు. అతను దూరంగా ఉండి విన్న వార్త ఇది కనుక ప్రతి వివరాన్నీ యథాతథంగా తీసుకోలేము. అయితే బందీలను తీసుకుపోయిన విషయాన్ని శత్రుపక్షపు గ్రంథమే ధ్రువపరుస్తుంది. తిరిగివచ్చిన మంగోల్ సేనాని, పట్టితెచ్చిన 200 మంది బాలబాలికలను కొర్యో రాజుకు, రాణికి సమర్పించినట్లు 'కొర్యోసా'లో ఉంది. ఆ పిల్లల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. వారు త్సుషిమా, ఇకి, హకతాలలో ఏ తీరం నుండి వచ్చారో కూడా ఆ వాక్యం విడమరచి చెప్పదు. జిన్ సకాయ్ గౌరవం గురించి సాగినంత చర్చ ఈ 200 మంది గురించి సాగలేదు. ఆటగాళ్ళకు వారిని గురించి తెలుసుకునే అవకాశం ఆటలో లేదు.

ఇది తెలుగు నేలకు బొత్తిగా సంబంధం లేని కాలం కాదు. త్సుషిమాపై దాడి జరిగిన నాడు ఓరుగల్లులో రుద్రమదేవి పరిపాలిస్తున్నది. కుబ్లయ్ ఖాన్ జపాన్ దండయాత్రను వర్ణించిన మార్కో పోలో గ్రంథమే మోటుపల్లి రేవు గల రాజ్యాన్ని, దానిని ఏలిన రాణిని ప్రస్తావించింది. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు. ఆ గ్రంథంలోనూ రాణి, రాజ్యం, వజ్రాలు, సన్నని వస్త్రాలు కనిపిస్తాయి. ఆ వస్త్రాలు నేసిన చేతులు పేరులేకుండానే మిగిలాయి. పాలకుడు, వీరుడు ముందు నిలవడం, సామాన్యుడు మరుగున పడడం వీడియో గేమ్‌తో మొదలైన లక్షణం కాదు.

7. ప్రామాణికత అన్న కొలబద్ద:

ఆటగాళ్ళు వాడే 'ప్రామాణికత' అన్న మాట అన్ని ఆటలనూ ఒకే తీరుగా కొలవదు. 2025 మార్చిలో యుబిసాఫ్ట్ విడుదల చేసిన 'అసాసిన్స్ క్రీడ్ షాడోస్' పదహారవ శతాబ్దపు జపాన్‌ను చిత్రించింది. అందులోని ఇద్దరు నాయకులలో ఒకరు యసుకె. ఆఫ్రికా నుండి వచ్చి 1581-82లో ఓద నొబునాగ కొలువులో ఉన్న వ్యక్తి. జెసూట్ ప్రచారకుల లేఖలు, నొబునాగ చరిత్ర గ్రంథం అతనిని ప్రస్తావిస్తాయి. అతను సమురాయ్ హోదా పొందాడా లేదా అన్నది చర్చించదగిన విషయమే. అతని ఉనికి మాత్రం నిర్వివాదం. అయినా ఆట వెలువడక ముందే అనేకులు చరిత్ర వక్రీకరణ అని నిరసించారు. ప్రచార చిత్రాలలో ఒక చారిత్రక ప్రదర్శన బృందపు జెండాను అనుమతి లేకుండా వాడడం, ఆలయంలోని వస్తువులను పగలగొట్టే వీలుండడం వంటి అభ్యంతరాలలో న్యాయం ఉంది. మొదటిదానికి సంస్థ క్షమాపణ చెప్పింది. రెండవదాన్ని విడుదలనాటి సవరణతో సరిదిద్దింది.

ఈ రెండు ఆటలపై వచ్చిన స్పందనలను పక్కపక్కన ఉంచితే ఒక అంశం స్పష్టమవుతుంది. జిన్ సకాయ్ ఎన్నడూ పుట్టలేదు. అతని కత్తి, కవిత, నీతి తరువాతి శతాబ్దాలవి. ఆ తేడాలు తెలిసినవారు కూడా వాటిని కళాస్వేచ్ఛగా మన్నించారు. ఆకరాలలో పేరు ఉన్న యసుకెకు ఆ మన్నింపు సులభంగా దొరకలేదు. రెండు సందర్భాలలోనూ ఆటను కొలిచినది ఆకరం కాదు, అప్పటికే మనస్సులో స్థిరపడిన సమురాయ్ బొమ్మ. ఆ బొమ్మకు సరిపోయిన కల్పన నిజమైంది, సరిపోని నిజం కల్పనగా తోచింది.

8. అభిప్రాయం ఆచరణగా మారిన వేళ:

ఇంతమాత్రాన ఆటగాళ్ళ అనుభూతిని తీసివేయడం సమంజసం కాదు. 2020 సెప్టెంబరులో వచ్చిన తుపానుకు త్సుషిమాలోని వాతాత్సుమి ఆలయపు తోరణం కూలిపోయింది. దానిని తిరిగి నిలబెట్టడానికి ఆ ఏడాది చివర 50 లక్షల యెన్‌ల లక్ష్యంతో విరాళాలు కోరగా, ఈ ఆట ఆడిన అభిమానులు అనేకులు ముందుకు వచ్చారు. లక్ష్యానికి ఐదు రెట్లకు పైగా సొమ్ము సమకూడింది. 2021లో త్సుషిమా నగరపాలన ఆట దర్శకులు నేట్ ఫాక్స్, జేసన్ కానెల్‌లను తమ పర్యాటక రాయబారులుగా నియమించింది. ముప్పై వేలకు లోపు జనాభా గల దీవికి ఇది చిన్న విషయం కాదు. కల్పిత దీవిపై కలిగిన మమకారం నిజమైన దీవికి ఉపకరించింది. కొమొదా తీరంలో సో సుకెకునిని కొలిచే ఆలయం ఉంది. అక్కడ ఏటా నవంబరులో ఉత్సవం జరుగుతుంది. ఆట నుండి దీవికి వెళ్ళిన వ్యక్తి జిన్ పేరు కోసం వెతికి సుకెకుని పేరు తెలుసుకొనే అవకాశం కూడా ఇలా ఏర్పడింది.

9. ముగింపు:

- 'ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా' నిజమనిపించింది అన్న ఆటగాళ్ళ అభిప్రాయం 1274 గురించి చెప్పేది తక్కువ. ఎదో కాలపు ఆదర్శం, నితొబె గ్రంథం, కురోసావా చలనచిత్రాలు కలిసి తీర్చిన సమురాయ్ రూపం నేటికీ ఎంత బలంగా ఉన్నదో అది తెలుపుతుంది.

- గౌరవంపై సాగిన చర్చ నైతికంగా విలువైనదే. దానిని పదమూడవ శతాబ్దపు యోధులకు ఆపాదించడానికి మాత్రం సుఎనాగ చుట్టలు, ఆధునిక పరిశోధనలు అంగీకరించవు.

- ప్రామాణికత అన్న మాటను ఆకరాలతో పోల్చకుండా వాడినప్పుడు, అది అలవాటైన కల్పనను కాపాడి, అలవాటులేని వాస్తవాన్ని వెలివేసే ప్రమాదం ఉంది.

- ఆటలో త్సుషిమా గెలిచింది. చరిత్రలో ఓడిపోయింది. ఓడిన దీవి నుండి చెరపట్టబడిన మనుషులు, బలవంతంగా నౌకలు కట్టిన కొర్యో పనివారు ఆ విజయగాథలో కనిపించరు. ఆట కలిగించిన ఆసక్తితో ఆకరాల వైపు ఒక్క అడుగు వేసిన ఆటగాడికి మొదట ఎదురయ్యేది వారే.